పక్క మంచం ఆయనకిచ్చే మందు మా నాన్నకెందుకు ఇవ్వరు?

హెపటైటిస్-సి చికిత్సలో తోడు మందు కథ

మగవారి వార్డులో ఒక కుర్రవాడు మమ్మల్ని ఆపి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్నగారు షుగర్ పుండుకు కట్లు కట్టించుకోవడానికి చేరారు. రక్తపరీక్షల్లో హెపటైటిస్-సి ఉన్నట్టు బయటపడింది. లివర్ ఇంకా గట్టిపడలేదు. ప్రభుత్వ కేంద్రం నుండి తెచ్చుకున్న రెండు రకాల మాత్రలు రోజుకొకసారి వేసుకుంటున్నారు. పక్క మంచం మీద ఉన్న పెద్దాయనకూ ఇదే జబ్బు. కాని ఆయన లివర్ బాగా దెబ్బతిని పొట్టలో నీరు చేరింది. ఆయనకు అసలు మందుతో పాటు రిబావిరిన్ అనే మరో మందు కూడా ఇస్తున్నారు.

"సిస్టర్ గారూ, ఆయనకు మందు ఎక్కువ, మా నాన్నకు తక్కువ. ఖర్చుకు మేము వెనకాడమండీ. అది కూడా కలిపితే ఇంకా తొందరగా తగ్గుతుంది కదా?"

పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, పక్క మంచం మందు మీదకు మనసు పోవడం సహజమే. ఆ అబ్బాయికి నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాము. కూర్చోబెట్టి చెప్పినదే ఇక్కడ అందరి కోసం రాస్తున్నాము. ఒక మందుకు మరో మందు తోడు చేర్చాలంటే వైద్యులు ముందుగా ఏమి తెలుసుకోవాలి, ఎలా తెలుసుకుంటారు అన్నదే ఈ నెల మన విషయం.

చప్పుడు చేయని జబ్బు

హెపటైటిస్-సి ఒక వైరస్ వల్ల వచ్చే కాలేయ వ్యాధి. ఇది రక్తం ద్వారా సోకుతుంది. సరిగా పరీక్ష చేయని రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడడం, శుభ్రం చేయని పరికరాలతో పచ్చబొట్టు పొడిపించుకోవడం, రేజర్లు పంచుకోవడం వంటివి దీనికి దారులు. ఒకే కంచంలో తినడం వల్ల, పక్కన కూర్చోవడం వల్ల, చేయి పట్టుకోవడం వల్ల ఇది రాదు. కాబట్టి జబ్బు ఉన్నవారిని ఇంట్లో వేరుగా పెట్టకండి.

ఈ వైరస్ సోకినవారిలో నూటికి 30 మందికి దానంతట అదే పోతుంది. మిగిలిన 70 మందిలో లోపల ఉండిపోతుంది. చాలామందికి ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియదు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి వీరిలో నూటికి 15 నుండి 30 మందికి లివర్ గట్టిపడుతుంది. దానినే సిర్రోసిస్ అంటాము. దీనికి ఇప్పటికీ టీకా లేదు.

1970లలో దీనికి పేరు కూడా లేదు. రక్తం ఎక్కించుకున్నవారిలో వచ్చే కాలేయ వాపు ఎ-రకమూ కాదు, బి-రకమూ కాదు అని అమెరికాలో డాక్టర్ హార్వే ఆల్టర్ బృందం గమనించింది. 1989లో మైఖేల్ హౌటన్, ఆయన తోటివారు వైరస్‌ను గుర్తించారు. ఈ కృషికి ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్క ఇంజెక్షనే దిక్కయిన రోజులు

మొదట్లో దీనికి ఇచ్చినది ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్. మన శరీరం వైరస్‌లతో పోరాడడానికి తయారు చేసుకునే పదార్థాన్నే మందుగా చేసి ఇచ్చేవారు. వారానికి మూడుసార్లు, ఆరు నెలలో ఏడాదో వేయించుకోవాలి. వేసిన రాత్రి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చేవి. రోజులు గడిచేకొద్దీ ఆకలి పోవడం, జుట్టు ఊడడం, మనసు దిగులుగా ఉండడం మొదలయ్యేవి. ఐసు వేసిన థర్మాస్ ఫ్లాస్కులో ఇంజెక్షన్ పెట్టుకుని బస్సుల్లో వచ్చినవారిని మేమెరుగుదుము.

ఇంత బాధపడినా ఫలితం చాలా తక్కువ. ఏడాదిపాటు వాడిన నూరుమందిలో జబ్బు పూర్తిగా పోయినవారు పది పదిహేను మంది మాత్రమే.

ఆ రోజుల్లో మా దగ్గరకు వచ్చిన ఒక తల్లిని మరచిపోలేము. ఎన్నో ఏళ్ళ క్రితం కాన్పులో ఆమెకు రక్తం ఎక్కించారు. గాజులు అమ్మి ఇంజెక్షన్లు కొన్నారు. మూడు నెలలకు ఎస్.జి.పి.టి. పరీక్ష మామూలుకు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. మేమూ వారితో పాటు సంతోషించాము. తగ్గిపోయిందనుకుని వారు మందు మానేశారు. మేము గట్టిగా అడ్డు చెప్పలేదు. ఆరు నెలలు తిరిగేసరికి వైరస్ మళ్ళీ కనిపించింది. అంకె దిగడం వేరు, జబ్బు పోవడం వేరు అని మాకు ఆ రోజు తెలిసివచ్చింది. కింద చెప్పబోయే కథంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

రిబావిరిన్: ఒంటరిగా పనిచేయని మందు

ఇంటర్‌ఫెరాన్ ఒక్కటీ చాలడం లేదని తెలిసినప్పుడు, వైరస్‌ల మీద పనిచేసే రిబావిరిన్ అనే నోటిమందును వైద్యులు ప్రయత్నించారు. ముందు దానిని ఒక్కదానినే ఇచ్చి చూశారు. ఎస్.జి.పి.టి. దిగింది. కాని రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిస్తే దాదాపు అంతే ఉంది. మందు మానగానే ఎస్.జి.పి.టి. మళ్ళీ పెరిగింది.

ఇక్కడితో ఆ మందును పక్కన పడేసి ఉండవచ్చు. కాని ఒంటరిగా పనిచేయనిది ఇంటర్‌ఫెరాన్‌కు తోడైతే పనిచేస్తుందేమో అన్న ఆలోచన వచ్చింది. చిన్న చిన్న ప్రయత్నాలలో ఆశ కనిపించింది. అయితే ఆశ చాలదు. మన ఊళ్ళో ఎవరికో తగ్గిందని చెప్పుకునే మాటలు కూడా చాలవు. ఆ మనిషికి మందువల్ల తగ్గిందా, దానంతట అదే తగ్గిందా, లేక ఎస్.జి.పి.టి. మాత్రమే దిగిందా? దీనిని తేల్చడానికి ఒక పద్ధతి కావాలి.

912 మంది, నాలుగు గుంపులు

1998లో డాక్టర్ జాన్ మెక్‌హచిసన్, ఆయన సహచరులు అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. అంతకుముందు ఏ చికిత్సా తీసుకోని 912 మంది రోగులు అందులో చేరారు. వారిని నాలుగు గుంపులు చేశారు. అందరికీ ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. రెండు గుంపులకు దానితో పాటు రిబావిరిన్ ఇచ్చారు. మిగిలిన రెండు గుంపులకు చూడడానికి అలాగే ఉండే ఉత్తి మందు ఇచ్చారు. ప్రతి జతలో ఒక గుంపుకు 24 వారాలు, మరో గుంపుకు 48 వారాలు చికిత్స జరిగింది.

చాలామంది మమ్మల్ని అడిగేది ఇక్కడే. "జబ్బు మనిషికి ఉత్తి మందు ఇవ్వడం పాపం కాదా సిస్టర్?" అని. జాగ్రత్తగా చూడండి. ఉత్తి మందు వచ్చినవారికి చికిత్స ఆపలేదు. ఆనాటికి అందరికీ ఇస్తున్న ఇంటర్‌ఫెరాన్ వారికీ అందింది. మేలు చేస్తుందో కీడు చేస్తుందో ఇంకా తెలియని రెండో మందు మాత్రమే వారికి లేదు. తోడు మందు పరీక్ష అంటే ఇదే. ఉన్న చికిత్సను ఎవరికీ తీసివేయరు. దానిమీద కొత్తదానిని చేర్చి, తేడా ఎంతో చూస్తారు.

ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో చీట్లు తీసినట్టు నిర్ణయించారు. డాక్టరు తన ఇష్టప్రకారం ఎంచితే బలంగా ఉన్నవారికి కొత్త మందు, నీరసంగా ఉన్నవారికి పాత మందు పోవచ్చు. అప్పుడు గెలిచింది మందా, మనిషి బలమా అని చెప్పలేము. చీటీకి ముఖం తెలియదు.

ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తి మందు అన్నది రోగికి గాని, చూసే డాక్టరుకు గాని తెలియనివ్వలేదు. కొత్త మందు వేసుకుంటున్నానని తెలిస్తే మనకు కొంత హుషారు వస్తుంది. తెలిసిన డాక్టరు కూడా తెలియకుండానే మంచినే ఎక్కువగా చూస్తాడు. నర్సులమైన మేమూ అంతే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎప్పుడు లెక్కపెట్టారు అన్నది. చికిత్స చివరి రోజున కాదు. మందు ఆపేసి 24 వారాలు ఆగారు. అప్పుడు రక్తంలో వైరస్ కోసం వెదికారు. అప్పటికీ కనిపించకపోతేనే తగ్గినట్టు లెక్క. గాజులు అమ్ముకున్న ఆ తల్లి విషయంలో మేము చేయనిది ఇదే.

లెక్క తేలింది

ఇంటర్‌ఫెరాన్ ఒక్కటీ 24 వారాలు వాడిన గుంపులో నూటికి 6 మందికి, 48 వారాలు వాడిన గుంపులో 13 మందికి జబ్బు పోయింది. రిబావిరిన్ తోడైన గుంపుల్లో 24 వారాలకు 31 మందికి, 48 వారాలకు 38 మందికి పోయింది. ఒంటరిగా వైరస్‌ను కదిలించలేని మందు, తోడుగా నిలబడి ఫలితాన్ని దాదాపు మూడింతలు చేసింది. అదే ఏడాది వెలువడిన మరో పెద్ద పరీక్షలో డాక్టర్ పొయినార్ బృందానికి కూడా ఇదే దారిలో ఫలితం వచ్చింది. 48 వారాలకు ఒక్క మందుతో నూటికి 19, రెండు మందులతో 43. ఒక చోట వచ్చిన ఫలితం మరో చోట కూడా వస్తేనే నమ్మకం కుదురుతుంది.

కాని తోడు మందు ఊరికే రాలేదు. రిబావిరిన్ ఎర్ర రక్తకణాలలో పేరుకుని వాటిని పగలగొడుతుంది. మొదటి నాలుగు వారాలలోనే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఆయాసం, గుండెదడ, నీరసం వస్తాయి. గుండెజబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదం. కడుపులోని బిడ్డకు అవయవ లోపాలు కలిగించగలదు. అందుచేత మందు వాడే భార్య గాని భర్త గాని, వాడుతున్నంత కాలమూ, ఆపిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. మెక్‌హచిసన్ పరీక్షలోనూ రెండు మందుల గుంపుల్లో మోతాదు తగ్గించవలసినవారు, మధ్యలో మానవలసినవారు ఎక్కువే.

తరువాత వారానికి ఒక్కసారి వేసే పెగ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. 2001, 2002 సంవత్సరాల పరీక్షలలో దానికి రిబావిరిన్ తోడు చేస్తే నూటికి 54 నుండి 56 మందికి తగ్గింది. పదేళ్ళపాటు అదే అందరికీ ఇచ్చే చికిత్స అయింది.

ప్రతి తోడూ మేలు చేయదు

ఒక మందు కలిపితే ఇంత మేలు జరిగింది గనుక ఇంకొకటి కలుపుదామని చూశారు. ఫ్లూ జ్వరానికీ, వణుకుడు జబ్బుకూ వాడే అమాంటడిన్‌ను మూడో మందుగా ప్రయత్నించారు. తొలి చిన్న పరీక్షలలో బాగుందన్నారు. పెద్ద పరీక్షలు జరిగాక చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఆ మొదటి వార్తలు విని అందరికీ ఇచ్చేసి ఉంటే, ఎంతమంది ఏ లాభమూ లేకుండా మరో మాత్ర మింగి ఉండేవారో ఆలోచించండి.

తరువాత వైరస్ మీద నేరుగా పనిచేసే టెలాప్రెవిర్ వచ్చింది. 2009లో వెలువడిన ఒక యూరప్ పరీక్షలో మంచి పాఠం ఉంది. ఇంత బలమైన కొత్త మందు వచ్చింది కదా, రక్తం తగ్గించే రిబావిరిన్‌ను తీసేయవచ్చునా అని ఒక గుంపులో చూశారు. పన్నెండు వారాలు మూడు మందులూ వాడిన గుంపులో నూటికి 60 మందికి తగ్గింది. రిబావిరిన్ తీసేసిన గుంపులో 36 మందికే తగ్గింది. పాత చికిత్స పొందిన గుంపులో 46 మందికి తగ్గింది. అంటే కొత్త మందు ఉండి కూడా పాత చికిత్స కన్నా వెనుకబడ్డారు. కలపడమే కాదు, తీసివేయడం కూడా పరీక్షించి తెలుసుకోవలసిన విషయమే.

2011లో మూడు మందుల చికిత్సకు నూటికి 75, రెండు మందులకు 44 అని తేలి టెలాప్రెవిర్‌కు అనుమతి వచ్చింది. కాని ఒళ్ళంతా దద్దుర్లు, మరింత రక్తహీనత దానితో వచ్చాయి. కొందరిలో చర్మం ప్రాణాపాయంగా దెబ్బతిన్నది. అంతకన్నా మంచి మందులు రావడంతో 2014లో అమెరికాలో దాని అమ్మకం ఆపేశారు.

ఈనాటి చికిత్స

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి వచ్చింది. అక్కడ ఒక్కో మాత్ర ధర 1,000 డాలర్లు. పన్నెండు వారాలకు 84,000 డాలర్లు. మన దేశంలో 2015 నుండి హైదరాబాదు కంపెనీలైన నాట్కో, హెటెరోలతో సహా పలు కంపెనీలు దానిని చాలా తక్కువ ధరకు తయారు చేయసాగాయి. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని కింద పరీక్షలు, మందులు ఉచితం.

ఇక ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాము. వాళ్ళ నాన్నగారు వాడుతున్నవి సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్. మన దేశంలో ఎక్కువగా ఉండే మూడో రకం వైరస్ మీద ఈ రెండింటినీ పన్నెండు వారాలు పరీక్షించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. సిర్రోసిస్ లేనివారిలో నూటికి 96 మందికి తగ్గింది. రిబావిరిన్ లేకుండానే. ఇంక తోడు మందు వచ్చి చేయగలిగిన మేలు ఎంత? మిగిలినది నలుగురే. కాని రక్తం పడిపోయే ప్రమాదం నూరుమందికీ ఉంటుంది. మానని పుండు ఉన్న షుగర్ మనిషికి రక్తం తగ్గడం మరీ మంచిది కాదు. కాలవ్యవధి కూడా అంతే. రెండో మందు కలిపినంత మాత్రాన పన్నెండు వారాలు ఆరు వారాలు కావు.

అదే పరీక్షలో సిర్రోసిస్ ఉన్నవారికి నూటికి 63 మందికే తగ్గింది. అందుకే వారికి చికిత్స వేరుగా ఉంటుంది. పక్క మంచం పెద్దాయన లాగా పొట్టలో నీరు చేరినవారి మీద 267 మందితో చేసిన మరో పరీక్ష ఫలితాలు కూడా 2015లోనే వచ్చాయి. సోఫోస్‌బువిర్, వెల్‌పటాస్‌విర్ పన్నెండు వారాలు వాడితే 83 శాతం. వాటికి రిబావిరిన్ తోడైతే 94 శాతం. రిబావిరిన్ లేకుండా 24 వారాలు పొడిగించినా 86 శాతమే. గుంపులు చిన్నవే అయినా, ఈ రోగులకు రిబావిరిన్ చేర్చడమే మేలని వైద్యులు నిర్ణయించారు.

పెద్దాయనకు మందు ఎక్కువ ఇవ్వడం గౌరవం ఎక్కువై కాదు, మీ నాన్నగారికి తక్కువ ఇవ్వడం చిన్నచూపూ కాదు. ఒకే మందు ఒకరికి తోడు, మరొకరికి భారం. ఆ పెద్దాయనకు మేము తరచుగా హిమోగ్లోబిన్ చూస్తున్నది ఆ భారం తెలుసుకోవడానికే.

మీ అంతట మీరు కలిపే మందులు

డాక్టర్లు ఇన్నేళ్ళు పరీక్షించి ఒక మందు కలుపుతుంటే, ఇంట్లో మనం ఒక్క పూటలో కలిపేస్తాము. లివర్ జబ్బు అనగానే పసరు మందు తెస్తారు. నాటు మందు, బలం మందు, కడుపు మంట మాత్ర, అన్నీ చేరతాయి. దయచేసి ఇవి గమనించండి.

- గ్యాస్ మాత్రలు, యాంటాసిడ్ సిరప్‌లు వెల్‌పటాస్‌విర్‌ను ఒంటికి పట్టనివ్వకుండా చేయవచ్చు.
- టి.బి.కి వాడే రిఫాంపిసిన్ ఈ మందుల బలాన్ని బాగా తగ్గిస్తుంది.
- గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్‌తో సోఫోస్‌బువిర్ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు.
- హెపటైటిస్-బి కూడా ఉన్నవారిలో సి-వైరస్ తగ్గేటప్పుడు బి-వైరస్ విజృంభించవచ్చు. అందుకే చికిత్సకు ముందు బి-పరీక్ష తప్పనిసరి.
- పసరు మందులో ఏముందో ఇచ్చినవారికే తెలియదు. అలసిన లివర్ మీద మరో బరువు పెట్టవద్దు.

ఏ మందు వాడుతున్నా, చిన్నదైనా, సిగ్గుపడకుండా మాకు చెప్పండి. మేము తిట్టము.

మిమ్మల్ని పరీక్షలో చేరమని అడిగితే

పైన చెప్పిన ప్రతి అంకె వెనుకా మనలాంటి రోగులు ఉన్నారు. వారు ఒప్పుకుని చేరబట్టే ఈనాడు మనకు ఉచితంగా మాత్ర దొరుకుతోంది. ఏ జబ్బుకైనా మిమ్మల్ని ఎవరైనా అలా అడిగితే భయపడి పారిపోవద్దు, అర్థం కాకుండా వేలిముద్రా వేయవద్దు. ఈ ప్రశ్నలు అడగండి.

- ఇప్పుడు అందరికీ ఇచ్చే చికిత్స నాకు అందుతుందా, దానిమీద కొత్తది చేరుతుందా?
- నాకు ఉత్తి మందు వచ్చే అవకాశం ఉందా?
- ఏ బాధలు రావచ్చు? వస్తే వైద్యం ఎవరు చేయిస్తారు?
- ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? 2009 జూన్ నుండి మన దేశంలో మందుల పరీక్షలను ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ నంబరు ఎంత?
- సమ్మతి పత్రం తెలుగులో ఇస్తారా? ఇంటికి తీసుకెళ్ళి చదివించుకోవచ్చునా?

చేరిన తరువాత కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు. మానినందుకు మీ మామూలు వైద్యం ఆగకూడదు. ఇది మీ హక్కు.

చివరిగా

మందు మధ్యలో మానవద్దు. ఎస్.జి.పి.టి. మామూలైందని నిలిపివేయవద్దు. మాత్రలు అయిపోయిన పన్నెండు వారాలకు వైరల్ లోడ్ పరీక్ష చేయించుకోండి. తగ్గిందో లేదో చెప్పేది అదే. జబ్బు పోయిన తరువాత కూడా మొదట చేసిన యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గానే ఉంటుంది. దానిని చూసి కంగారుపడవద్దు. ఒకసారి తగ్గినా మళ్ళీ సోకవచ్చు గనుక సూదుల విషయంలో జాగ్రత్తగా ఉండండి.

గాజులు అమ్ముకున్న ఆ తల్లి ఉచిత మాత్రలు వచ్చిన తరువాత మళ్ళీ మా దగ్గరకు వచ్చింది. పన్నెండు వారాలు ఒక్క రోజు తప్పకుండా వేసుకుంది. చివరి మాత్ర మింగిన రోజున మిఠాయి తెస్తానంది. వద్దన్నాము. ఇంకో పన్నెండు వారాలు ఆగమన్నాము. ఆగింది. వైరస్ లేదని కాగితం వచ్చిన రోజున వార్డంతా ఆమె పంచిన మిఠాయి తిన్నది.